స్కాట్లాండ్‌లో సొంతంగా కారు నడుపుతూ కోటలు, పల్లెలు, పూర్వీకుల ఊళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా, కెనడాల్లో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో మెక్‌డొనాల్డో, సదర్లాండో ఇంటిపేరుగా ఉన్న అల్లుడో కోడలో ఉండటం ఇప్పుడు వింత కాదు. వాళ్ల తాతముత్తాతల ఊరు చూసొద్దామని మాట మొదలవుతుంది. పెద్దవాళ్లు మేమూ వస్తామంటారు, పిల్లలు కోటలు చూడాలంటారు. చివరికి అది స్కాట్లాండ్‌లో కారు అద్దెకు తీసుకుని ఇంటిల్లిపాదీ తిరిగే ప్లాన్ అవుతుంది. అలాంటి ప్లాన్ వేసేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. ఆంగ్లో ఇండియన్ మూలాలున్న కుటుంబాలకు పనికొచ్చే సంగతులు కూడా కొన్ని ఉన్నాయి.

ముందు రూటు వేసుకోవాలా, పూర్వీకుల ఊరు కనుక్కోవాలా?

ముందు ఊరు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఎడిన్‌బరా, లోక్ నెస్ సరస్సు, స్కై దీవి అని హోటళ్లన్నీ బుక్ చేసేశాక, ముత్తాత పుట్టింది అబర్డీన్‌షైర్‌లో అని తేలుతుంది. మ్యాప్‌లో స్కాట్లాండ్ గుప్పెడంత కనిపిస్తుంది గానీ, పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి నేరుగా వెళ్లే దారులు తక్కువ. కొండలూ సరస్సులూ చుట్టుకుని పోవాలి. ఊరు ఏ మూలన ఉందో తెలిస్తే ఆ చుట్టుపక్కల కోటలే చూడొచ్చు. స్కాట్లాండ్‌లో కోట లేని మూల దాదాపు లేదు, ఆ భయం అక్కర్లేదు.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంట్లోనే, అదీ బతికున్న పెద్దవాళ్లతో. పాత బైబిల్ మొదటి పేజీల్లో రాసుకున్న పుట్టినరోజులు, ఉత్తరాలు, పెళ్లి ఫొటోల వెనక రాతలు, సైన్యంలో పనిచేసినవాళ్ల కాగితాలు ముందు పోగేయండి. వలస వెళ్లిన ఓడల జాబితాల్లో చాలాసార్లు ‘స్కాట్లాండ్’ అని మాత్రమే ఉంటుంది, దాంతో పని జరగదు. అంతకంటే కెనడాలోని పాత సమాధి రాళ్లు నయం. నోవా స్కోషియా వైపు రాళ్ల మీద పుట్టిన పారిష్ పేరు కూడా చెక్కించేవారు.

ఆ పారిష్ పేరే అసలు తాళంచెవి. స్కాట్లాండ్ రికార్డులన్నీ ఒకప్పుడు పారిష్ లెక్కన, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ల లెక్కన నడిచాయి. జిల్లా పేరు ఒక్కటే తెలిస్తే ఇంకా సగం దారిలోనే ఉన్నట్టు.

రికార్డులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయా? ఫ్రీయేనా?

దొరుకుతాయి. ‘స్కాట్లాండ్స్ పీపుల్’ అనేది ప్రభుత్వ వెబ్‌సైట్, నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్ వాళ్లది. ఖాతా తెరిచి పేర్లు వెతకడం ఫ్రీ. అసలు పేజీ స్కాన్ చూడాలంటే క్రెడిట్లు కొనాలి, ఒక్కో పేజీకి పౌండున్నర దాకా అవుతుంది. చిన్న మొత్తమే అనుకుని ఇంటిపేరు కలిసిన ప్రతి జాన్ మెకెంజీనీ తెరుచుకుంటూ పోతే డబ్బులు ఇట్టే అయిపోతాయి. పుట్టిన ఏడాది, తల్లి పుట్టింటి పేరు, పారిష్ ఈ మూడింటిలో కనీసం రెండు కలిసినప్పుడే పేజీ తెరవండి.

అక్కడ జనన, వివాహ, మరణాల నమోదును చట్టప్రకారం 1855 జనవరి 1న మొదలుపెట్టారు. స్కాటిష్ కాగితాల్లో వివరాలు ఇంగ్లండ్ కాగితాల కంటే చాలా ఎక్కువ. మరణ ధ్రువీకరణలో కూడా తల్లిదండ్రులిద్దరి పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా రాస్తారు. అంటే 1860లో ఎనభై ఏళ్ల వయసులో పోయిన మనిషి కాగితం ఒక్కటి దొరికితే, 1780ల నాటి దంపతుల పేర్లు చేతికొచ్చినట్టే. 1855 ఒక్క ఏడాది మరీ విడ్డూరం. ఆ ఏడు జనన కాగితంలో తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊరు, పెళ్లయిన చోటు, పుట్టిన మిగతా పిల్లల లెక్క కూడా రాయించారు. రాసేవాళ్లకు తలకు మించిన పనై మరుసటి ఏడాదే తగ్గించేశారు. మీ కుటుంబంలో ఎవరైనా ఆ ఏడాది పుట్టి ఉంటే అదృష్టవంతులే.

ఒక పరిమితి ఉంది. జీవించి ఉన్నవాళ్ల గోప్యత కోసం వందేళ్ల లోపు జననాలు, 75 ఏళ్ల లోపు పెళ్లిళ్లు, 50 ఏళ్ల లోపు మరణాల స్కాన్‌లు ఆన్‌లైన్‌లో కనిపించవు. వాటికోసం ఎడిన్‌బరాలో ప్రిన్సెస్ స్ట్రీట్ చివర ఉన్న జనరల్ రిజిస్టర్ హౌస్‌కి వెళ్లి, రోజు ఫీజు కట్టి చూసుకోవచ్చు. అక్కడ రోజంతా ఎన్ని పేజీలు చూసినా అదే ఫీజు. కాబట్టి సందేహాలు ఎక్కువున్నవాళ్లకు ట్రిప్ మొదటి రోజు అక్కడే గడపడం లాభం. సీటు ముందే బుక్ చేసుకోవాలి.

1855కు ముందువి?

అధికారిక చర్చి అయిన చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ రిజిస్టర్లు. అన్నిటికంటే పాతది ఎరల్ పారిష్‌ది, 1553 నుంచి ఉంది. కానీ హైలాండ్స్‌లో (ఉత్తరాది కొండ ప్రాంతంలో), దీవుల్లో చాలా రిజిస్టర్లు 1700ల చివర్లోగానీ మొదలవవు, మధ్యలో ఖాళీలూ ఉంటాయి. పేరు కనిపించలేదంటే మనిషి లేడని కాదు. కేథలిక్కో, ఎపిస్కోపల్ చర్చివాళ్లో అయి ఉండొచ్చు. 1843లో చర్చి చీలినప్పుడు ఫ్రీ చర్చిలోకి వెళ్లిపోయిన కుటుంబమూ కావచ్చు. బారా, సౌత్ ఉయిస్ట్ దీవులవాళ్లయితే ముందే కేథలిక్ రిజిస్టర్లు చూడండి.

పేరు తెలుసు, ఊరు తెలియదు. ఏదైనా ఉపాయం ఉందా?

రెండున్నాయి. మొదటిది జనాభా లెక్కలు. 1841 నుంచి 1921 వరకు పదేళ్లకొకటి చొప్పున ఆన్‌లైన్‌లో ఉన్నాయి. 1841ది నమ్ముకోవద్దు. అందులో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును ఐదు లెక్కన కిందికి సర్దేశారు, పుట్టిన పారిష్ కూడా రాయలేదు. 1851 నుంచి పారిష్ రాశారు కాబట్టి అక్కడ పట్టుకోండి.

రెండోది పేర్లు పెట్టే వరస. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నానమ్మ పేరు. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది కొత్తగా అనిపించదు. అందరూ పాటించారని కాదు గానీ, ఒకే పేరున్న ముగ్గురు డొనాల్డుల్లో మీవాడెవరో తేల్చడానికి ఈ వరస బాగా అక్కరకొస్తుంది. ఇంకో సౌకర్యం ఏంటంటే, స్కాట్లాండ్‌లో పెళ్లయిన ఆడవాళ్లను కాగితాల్లోనూ, సమాధుల మీదా పుట్టింటి పేరుతోనే రాసేవారు. ఆడవాళ్ల వైపు వంశం ఇంత సులువుగా దొరికే దేశాలు తక్కువ.

మా ముత్తాత స్కాట్లాండ్ నుంచి మద్రాసు వచ్చాడంటారు. ఆయన కాగితాలు ఎక్కడుంటాయి?

ఇక్కడ రెండు వైపులా వెతకాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో చర్చిల్లో జరిగిన బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. ‘ఫిబిస్’ అనే స్వచ్ఛంద సంఘం ఇలాంటి కుటుంబాల కోసమే సూచికలు తయారుచేసి ఆన్‌లైన్‌లో పెట్టింది, వెతకడం ఫ్రీ. అక్కడ తండ్రి పేరో, వయసో పట్టుకుని తర్వాత స్కాట్లాండ్ రికార్డుల్లోకి వెళ్లాలి.

తెలుగు నేలకూ స్కాట్లాండ్‌కూ పాత లెక్కలు చాలా ఉన్నాయి లెండి. మన ఊళ్ల కైఫియత్తులు రాయించిన కాలిన్ మెకెంజీ లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టాడు. సీడెడ్ జిల్లాల కలెక్టరుగా చేసి, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రోది గ్లాస్గో. వంశం సంగతి లేకపోయినా, అల్లపూల్ నుంచి ఓడెక్కి రెండున్నర గంటలకు పైగా ప్రయాణించి స్టోర్నోవే చూసొచ్చే తెలుగువాళ్లకు అదొక కారణం.

ఇంటిపేరు క్యాంప్‌బెల్ అయితే ఇన్వరారే కోట మా పూర్వీకులదేనా?

కోట క్యాంప్‌బెల్ క్లాన్ (ఒకే మూలం చెప్పుకునే వంశ సమూహం) పెద్ద, డ్యూక్ ఆఫ్ ఆర్గైల్‌ది. మీ పూర్వీకులు ఆయన రక్తబంధువులు అయ్యుండొచ్చు, ఆయన పొలం కౌలుకు చేసినవాళ్లూ అయ్యుండొచ్చు. రెండోదానికే అవకాశం ఎక్కువ. పెద్ద అండలో ఉన్నవాళ్లు ఆయన ఇంటిపేరు పెట్టుకోవడం మామూలే. ఇది చెబితే కొందరి మొహం చిన్నబోతుంది, కానీ కౌలుదారుల కథ తవ్వితేనే ఎక్కువ దొరుకుతుంది.

టార్టాన్ గళ్ల సంగతీ అంతే. ఒక్కో ఇంటిపేరుకు ఒక్కో గళ్ల గుడ్డ అనే పద్ధతి ఎక్కువగా 19వ శతాబ్దిలో గట్టిపడింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చినప్పుడు జరిగిన ఆర్భాటం దానికి ఊపునిచ్చింది. నచ్చిన మఫ్లర్ కొనుక్కోండి, ఎవరూ అడగరు. క్లాన్ చరిత్ర నిజంగా చదవాలంటే గిఫ్ట్ షాపుల కంటే న్యూటన్‌మోర్‌లోని మాక్‌ఫర్సన్ మ్యూజియం లాంటివి మేలు.

ఊరికి చేరాక ఏం చేయాలి?

ముందు పాత శ్మశానం. ఇప్పుడు నడుస్తున్న చర్చి పక్కనే ఉంటుందనుకోవద్దు, చాలాచోట్ల పాత చర్చి కూలిపోయి శ్మశానం ఒక్కటే పొలాల మధ్య మిగిలింది. రాళ్లు అరిగిపోయి అక్షరాలు కనిపించకపోతే పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో చూడండి, పక్క నుంచి టార్చి వేసినా తేలతాయి. సుద్ద రాయడం, బ్రష్షుతో రుద్దడం మాత్రం చేయొద్దు, రాయి పెచ్చులూడుతుంది. తర్వాత యుద్ధ స్మారకం, ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల పేర్ల జాబితా చూస్తే ఆ ఊళ్లో ఏ ఇంటిపేర్లు ఎక్కువో తెలిసిపోతుంది.

ఊళ్లో చిన్న మ్యూజియమో, చరిత్ర సంఘమో ఉంటే వెళ్లే ముందు మెయిల్ పెట్టండి. అవి చాలావరకు రిటైరైన వలంటీర్లు నడుపుతారు, వారంలో కొన్ని రోజులే తెరుస్తారు. రెండు లైన్లలో పేరు, ఏడాది, పారిష్ రాస్తే చాలు. పదిహేను పేజీల వంశవృక్షం జతచేస్తే చదివే ఓపిక ఎవరికుంటుంది? హైలాండ్స్ కుటుంబాలకు ఇన్వర్‌నెస్‌లోని హైలాండ్ ఆర్కైవ్ సెంటర్ కూడా దారిలోనే తగులుతుంది.

పూర్వీకుల ఇల్లు ఇప్పటికీ నిలబడి ఉంటే బయటి నుంచి చూడండి. లోపల ఉన్నది వేరే కుటుంబం, ముందు అడక్కుండా తలుపు కొట్టి ఫొటోలు తీయడం బాగోదు.

మ్యాప్‌లో ఊరు కనిపించడం లేదు. అయినా వెళ్లడం దండగా?

వెళ్లండి. నా దృష్టిలో ఈ మొత్తం ప్రయాణంలో అంతకంటే ముఖ్యమైన చోటు ఉండదు.

18వ శతాబ్ది చివరి నుంచి 19వ శతాబ్ది మధ్య దాకా హైలాండ్ భూస్వాములు గొర్రెల పెంపకం కోసం లోయలకు లోయలే ఖాళీ చేయించారు. దాన్నే క్లియరెన్సెస్ అంటారు. ఉత్తరాన సదర్లాండ్ ప్రాంతంలోని స్ట్రాత్‌నేవర్ లోయను 1814, 1819ల్లో ఖాళీ చేయించారు, ఇళ్లు తగలబెట్టారు. ఆ పని చేయించిన ప్యాట్రిక్ సెల్లార్ మీద 1816లో ఇన్వర్‌నెస్‌లో కేసు నడిచింది, నిర్దోషి అని వదిలేశారు. కెనడాకు చేరిన ఎన్నో కుటుంబాల కథ ఇలాంటి లోయల్లోనే మొదలవుతుంది. రోజల్ లాంటి ఊళ్లలో ఇప్పుడు మిగిలినవి గడ్డిలో మోకాలెత్తు గోడల వరసలు. బెటీహిల్‌లోని స్ట్రాత్‌నేవర్ మ్యూజియం చూసి అక్కడికి వెళ్తే ఆ రాళ్లు అర్థమవుతాయి.

ఆర్డ్‌గై నుంచి లోపలికి ఇరుకు దారిలో వెళ్తే క్రోయిక్ చర్చి వస్తుంది. 1845లో గ్లెన్‌కాల్వీ నుంచి వెళ్లగొట్టిన జనం ఆ చర్చి ఆవరణలో తలదాచుకుని, కిటికీ అద్దాల మీద బయటి నుంచి తమ మాటలు గీశారు. ఆ గీతలు ఇప్పటికీ చదవొచ్చు. హెల్మ్స్‌డేల్ దాటాక ఏ9 రోడ్డు పక్కనే కారు ఆపి బాడ్‌బేకి నడవొచ్చు. లోయల నుంచి తరిమితే వచ్చి సముద్రపు కొండకొమ్ము మీద ఇళ్లు కట్టుకున్నవాళ్ల ఊరది. గాలికి పిల్లలు కింద పడిపోకుండా తాళ్లతో కట్టేవారని చెబుతారు.

ఇదే తీరంలో గోల్స్పీ దగ్గర డన్‌రాబిన్ కోట ఉంది. తెల్లటి బురుజులు, సముద్రం వైపు తోటలు, డేగల ప్రదర్శనతో కళకళలాడుతుంది. ఆ లోయలు ఖాళీ చేయించిన సదర్లాండ్ ప్రభువుల ఇల్లే అది. పొద్దున డన్‌రాబిన్ చూసి మధ్యాహ్నం బాడ్‌బేలో నిలబడండి. కోట ఒక్కటే చూసి వెనక్కి తిరిగితే సగం కథే చూసినట్టు.

సరే, మిగతా కోటల్లో ఏవి వదలకూడదు?

రోజుకు ఒకటి చాలు, మహా అయితే రెండు. మూడో కోటకి వచ్చేసరికి పిల్లలకే కాదు, పెద్దలకూ ఫిరంగులన్నీ ఒకలాగే కనిపిస్తాయి.

ఎడిన్‌బరా కోట ఎలాగూ చూస్తారు, టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోండి. ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఫిరంగి పేలుస్తారు. రాజుల పట్టాభిషేక శిల ‘స్టోన్ ఆఫ్ డెస్టినీ’ కోసం మాత్రం అక్కడ వెతక్కండి, 2024 మార్చి నుంచి అది పెర్త్ మ్యూజియంలో ఉంది. రద్దీ నచ్చనివాళ్లకు స్టిర్లింగ్ కోట ఇంకా బాగుంటుంది. స్కాట్లాండ్ రాణి మేరీకి తొమ్మిది నెలల పసితనంలో 1543లో కిరీటం పెట్టింది అక్కడే. ఇంగ్లండ్ మీద వాలస్ గెలిచిన 1297 నాటి యుద్ధభూమి, బ్రూస్ గెలిచిన 1314 నాటి బానక్‌బర్న్ రెండూ ఆ చుట్టుపక్కలే.

స్టోన్‌హేవెన్ దగ్గర డనాటర్ నాకు అన్నిటికంటే ఇష్టం. సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతిగుట్ట మీద శిథిలాలు. 1650ల్లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం చుట్టుముట్టినప్పుడు స్కాట్లాండ్ రాజుల కిరీటం, కత్తి, రాజదండాన్ని అక్కడి నుంచి దొంగచాటుగా దాటించి కినెఫ్ చర్చి నేల కింద పాతిపెట్టారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం పైనుంచి చూడటమే, దిగీ ఎక్కీ బోలెడు మెట్లు.

ఐలీన్ డోనన్ ఫొటో ప్రతి క్యాలెండర్ మీదా ఉంటుంది. చాలామందికి తెలియంది, 1719లో యుద్ధనౌకలు దాన్ని పేల్చేశాయి, ఇప్పుడు చూస్తున్నది 1912-32 మధ్య తిరిగి కట్టింది. అయినా సాయంత్రం వెలుగులో చూసితీరాలి. లోక్ నెస్ ఒడ్డున అర్కట్ కోట శిథిలమే, 1692లో వెళ్లిపోతున్న సైన్యమే పేల్చేసి పోయింది. స్కైలో డన్‌వేగన్‌లో మెక్‌లియడ్‌ల పెద్దలు ఎనిమిది వందల ఏళ్లుగా ఉంటున్నారు. అబర్డీన్‌షైర్ వైపు వెళ్తే గులాబీ రంగు క్రేగీవార్, తోటలున్న క్రాథస్ ఒకే రోజులో కలిపి చూడొచ్చు.

టికెట్ల పాస్ కొంటే లాభమా?

రూటును బట్టి. హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ వాళ్ల ఎక్స్‌ప్లోరర్ పాస్ ఎడిన్‌బరా, స్టిర్లింగ్, అర్కట్ లాంటి వాటికి పనికొస్తుంది. ఐలీన్ డోనన్, డన్‌వేగన్, డన్‌రాబిన్, ఇన్వరారే, డనాటర్ దీని కిందికి రావు. క్రేగీవార్, క్రాథస్, కలోడన్ యుద్ధభూమి నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్‌వి, ఆ సభ్యత్వం వేరు. చూసేవి రాసుకుని, ఎవరివి ఎన్నున్నాయో కూడి చూసుకున్నాకే కొనండి.

ఇండియన్ లైసెన్స్‌తో నడపొచ్చా? వీసా సంగతేంటి?

బ్రిటన్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి 12 నెలల వరకు మన లైసెన్స్‌తో కారు నడపొచ్చు. కొన్ని అద్దె కంపెనీలు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అడుగుతాయి, ఆర్‌టీఓ దగ్గర తీసుకుని పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. చాలా కంపెనీలు పాతికేళ్ల లోపు డ్రైవర్లకు అదనంగా వసూలు చేస్తాయి. క్రెడిట్ కార్డు నడిపే మనిషి పేరు మీదే ఉండాలి.

ఇండియన్ పాస్‌పోర్టుకు స్టాండర్డ్ విజిటర్ వీసా కావాలి, చేతిలో గ్రీన్‌కార్డు ఉన్నా కావాలి. ఇది తెలియక అమెరికా నుంచి బయల్దేరే తల్లిదండ్రులు ఆఖరి నిమిషంలో హడావుడి పడుతుంటారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా పాస్‌పోర్టులకు 2025 జనవరి నుంచి ఈటీఏ అనే ముందస్తు అనుమతి తప్పనిసరి, ఫోన్‌లోనే అయిపోతుంది.

అక్కడ నడపడం కష్టమా?

ఇండియాలో నడిపినవాళ్లకు ఎడమవైపు అలవాటే కాబట్టి సగం భయం లేదు. అమెరికా నుంచి వచ్చేవాళ్లకు మొదటి రోజు కొంచెం తికమక. రౌండ్‌అబౌట్‌లో కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారివ్వాలి, అదొక్కటి నోట్లో జపంలా పెట్టుకోండి. విమానం దిగిన వెంటనే నిద్రకళ్లతో కారు తీసుకోవద్దు. ఎడిన్‌బరాలో ఉన్న రోజులకు కారే అక్కర్లేదు, పార్కింగ్ దండగ. ఊరు వదిలే రోజు పొద్దున తీసుకోండి. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయాలి, అక్కడ గేరు బండ్లు ఇంకా చాలానే ఉన్నాయి. సామాన్లు పట్టేంత వరకే పెద్ద కారు, అంతకు మించితే ఇరుకు రోడ్ల మీద ఏడుపే.

హైలాండ్స్‌లో చాలా దారులు ఒక్క కారు పట్టేంత వెడల్పే ఉంటాయి. ఎదురెదురు వాహనాలు తప్పుకోవడానికి అక్కడక్కడా పాసింగ్ ప్లేస్ అని బోర్డు పెట్టి కాస్త వెడల్పు చేసి ఉంచుతారు. అది మీ ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోండి. కుడివైపు ఉంటే రోడ్డు మీదే దాని ఎదురుగా ఆగండి, అవతలివాళ్లు అందులోకి వెళ్తారు. కుడివైపు దానిలోకి మీరు దూరకూడదు. వెనక ఎవరైనా తొందరలో ఉంటే తప్పుకుని ముందుకు పోనివ్వండి, వాళ్లు పనికో, ఆసుపత్రికో వెళ్తున్న స్థానికులు. దారిచ్చినవాళ్లకు చెయ్యెత్తడం మర్యాద. ఫొటో కోసం పాసింగ్ ప్లేస్‌లో కారు పార్క్ చేయడం మాత్రం అక్కడ అందరికీ ఒళ్లు మండించే పని. గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి, చీకటి పడే వేళ జింకలు అడ్డొస్తాయి.

వేగం మైళ్లలో. ఊళ్లలో 30, చాలాచోట్ల ఇప్పుడు 20. బయట రెండు వరసల రోడ్డు మీద 60. డివైడర్ ఉన్న హైవే మీద 70. ఇరుకు రోడ్డు మీద 60 అనుమతి ఉంది కదా అని వెళ్లాలని లేదు.

విస్కీ తయారుచేసే డిస్టిలరీలో కొంచెం రుచి చూసి నడపొచ్చా?

వద్దు. 2014 చివర్లో స్కాట్లాండ్ డ్రైవర్ల రక్తంలో మద్యం పరిమితిని తగ్గించింది, వంద మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములే. ఇంగ్లండ్‌లో 80. డ్రైవర్ అని చెబితే చాలా డిస్టిలరీలు రుచి చూపించేదాన్ని చిన్న సీసాలో పోసి ఇస్తాయి, రాత్రి గదికి వెళ్లాక తాగొచ్చు.

టోల్ గేట్లున్నాయా?

స్కాట్లాండ్ రోడ్ల మీద, వంతెనల మీద లేవు. స్కై వంతెన టోల్ కూడా 2004లో ఎత్తేశారు.

ఎన్‌సీ 500 (నార్త్ కోస్ట్ 500) మొత్తం చుట్టేయాలా?

ఇన్వర్‌నెస్‌లో మొదలై ఉత్తర తీరమంతా చుట్టి మళ్లీ అక్కడికే వచ్చే 516 మైళ్ల దారి ఇది, 2015లో ఈ పేరుతో ప్రచారం మొదలైంది. అందమైన దారే. కానీ పూర్వీకుల ఊరు ఒక మూలన ఉండగా, లూప్ పూర్తి చేయాలన్న పట్టుదలతో రోజంతా కార్లో కూర్చోవడంలో అర్థం లేదు. మీకు కావలసిన ముక్క నడపండి. యాపిల్‌క్రాస్‌కు వెళ్లే బ్యాలక్ న బా కనుమ 626 మీటర్ల ఎత్తుకు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. మొదటిసారి అక్కడ నడిపేవాళ్లకు, పెద్ద వ్యానులకు నేను చెప్పను.

రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలి?

మ్యాప్ చెప్పే టైముకు మూడో వంతు కలపండి. ఎడిన్‌బరా నుంచి ఇన్వర్‌నెస్ 150 మైళ్ల పైచిలుకు, ఆగకుండా మూడున్నర గంటలు. కానీ ఆగకుండా ఎవరు వెళ్తారు? ఒకే చోట రెండు మూడు రాత్రులు ఉండేలా చూసుకోండి. రోజూ పెట్టెలు సర్దడం పెద్దవాళ్లను అలసిపోయేలా చేస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి?

మే, లేదా సెప్టెంబర్. జూన్‌లో ఇన్వర్‌నెస్‌లో పగలు పద్దెనిమిది గంటలు, డిసెంబర్‌లో ఆరున్నరే. ఆగస్టులో ఎడిన్‌బరా పండుగల వల్ల గదుల రేట్లు ఆకాశాన్నంటుతాయి. చలికాలంలో ప్రైవేటు కోటలు చాలావరకు మూసేస్తారు.

ఎండాకాలంలో పడమటి వైపు మిడ్జెస్ అనే నలుసంత ఈగలు గుంపులుగా కుడతాయి. గాలి లేని సాయంత్రాలు వాటివే. మందు అక్కడి మెడికల్ షాపుల్లోనే దొరుకుతుంది. గడ్డిలో నడిచాక కాళ్లకు పిడుదులు అంటుకున్నాయేమో చూసుకోండి, వాటితో లైమ్ జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

ఎవరి పొలాల్లోనైనా నడవొచ్చంటారు, నిజమా?

దాదాపు నిజమే. 2003 భూసంస్కరణ చట్టం అందరికీ బాధ్యతగా తిరిగే హక్కు ఇచ్చింది. పెరట్లోకి, పంట మీదికి వెళ్లకూడదు. గేటు తెరిచి ఉంటే తెరిచే వదలండి, మూసి ఉంటే మూసి వెళ్లండి. ఈ హక్కు నడక, సైకిల్ లాంటివాటికే, కారుకు కాదు. పాడుబడ్డ ఊళ్ల దాకా వెళ్లగలిగేది చాలాసార్లు దీనివల్లే.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

పట్టణాల్లో సమస్యే లేదు, గొర్రె మాంసంతో చేసే అక్కడి వంటకం హ్యాగిస్‌కు కూడా శాకాహార రూపం ఉంది. పల్లెల్లో వంటిల్లు రాత్రి ఎనిమిదికే మూసేయొచ్చు. వంట గది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుని, ఇన్వర్‌నెస్ లాంటి పెద్ద ఊళ్లో బియ్యం, పప్పు, కూరలు కొనుక్కుని బయల్దేరండి. అత్తగారు, వియ్యపురాలు ఇద్దరూ సంతోషంగా ఉండే ఏర్పాటు అదొక్కటే.

ఫోన్ సిగ్నల్, పెట్రోల్, డబ్బు?

లోయల్లో సిగ్నల్ పోతుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, శ్మశానం ఉన్న చోటు, రికార్డుల స్కాన్‌లు ఫోన్‌లో దాచుకోండి. ఉత్తరాన ట్యాంకు సగానికి వస్తే నింపేయండి, తర్వాతి బంకు చాలా దూరం ఉండొచ్చు. పెట్రోల్ పైపుకు ఆకుపచ్చ, డీజిల్‌కు నలుపు. మీరే కొట్టుకోవాలి కాబట్టి కారు తీసుకునేటప్పుడే ఏ ఇంధనమో అడిగి తెలుసుకోండి. కార్డు దాదాపు అంతటా చెల్లుతుంది. స్కాటిష్ బ్యాంకుల నోట్లు పౌండ్లే గానీ, లండన్ వెళ్తే కొన్ని షాపులు తీసుకోవడానికి నసుగుతాయి, కాబట్టి అక్కడే ఖర్చుపెట్టేయండి.

పది రోజులుంటే ఎలా సర్దుకోవాలి?

సదర్లాండ్‌లో పూర్వీకులున్న కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. రెండు రాత్రులు ఎడిన్‌బరాలో, కారు లేకుండా: ఒక రోజు కోట, ఒక రోజు రిజిస్టర్ హౌస్. మూడో రోజు కారు తీసుకుని స్టిర్లింగ్ చూసి పిట్‌లోక్రీ చుట్టుపక్కల ఒక రాత్రి. అక్కడి నుంచి కలోడన్ మీదుగా ఇన్వర్‌నెస్ వైపు రెండు రాత్రులు, ఆర్కైవ్ పని ఉంటే అప్పుడే. తర్వాత మూడు రాత్రులు డోర్నోక్ లేదా హెల్మ్స్‌డేల్‌లో ఉండి డన్‌రాబిన్, బాడ్‌బే, క్రోయిక్, స్ట్రాత్‌నేవర్. స్ట్రాత్‌నేవర్‌కు ఒక రోజు పూర్తిగా కేటాయించండి, ఆ రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు. చివరి రాత్రి దక్షిణానికి తిరిగొచ్చే దారిలో. ఇందులో స్కై లేదని పిల్లలు గొడవ చేస్తే, ఇంకో మూడు రోజులు కలపగలిగితేనే కలపండి. ఉన్న రోజుల్లోంచి కోయాల్సివస్తే కోటల్లోంచి కోయండి, ఊరి రోజుల్లోంచి వద్దు.